అజినపత్ర - అశ్మపుష్పం

చిన్నతనంలో మా నాన్నగారు తెల్లవారుజామునే లేపి అమరకోశం వల్లె వేయించేవారు. అర్థం అడిగితే, "ముందు నోటికి రానియ్యిరా, అర్థం దాని వెనకాలే వస్తుంది" అనేవారు. చాలా మాటల విషయంలో ఆయన అన్నట్లే జరిగింది. కానీ ద్వితీయకాండలోని రెండు మాటలకు మాత్రం అర్థం నా వద్దకు నడిచి రావడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. ఒకటి అజినపత్ర. రెండవది అశ్మపుష్పం.

అజినమంటే తోలు, పత్రమంటే రెక్క. తోలే రెక్కలుగా గలది అజినపత్ర, అంటే గబ్బిలం. హంసలూ సారసాలూ ముగిసి ఈగలూ తేనెటీగలూ మొదలయ్యే చోట అమరసింహుడు దీనిని నిలిపాడు. ఎగిరే వాటితోనే చేర్చాడు గాని, ఈకలు లేవన్న సంగతిని పేరులోనే చెప్పేశాడు. అశ్మపుష్పమంటే రాతిపువ్వు. శైలేయమన్నా అదే. మసాలా దినుసులు అమ్మే కొట్లో, ఎండిన ఆకు ముక్కల వలె ఒకవైపు బూడిదరంగుగానూ మరొకవైపు నల్లగానూ ఉండి, 'రాతిపువ్వు' పేరుతో దొరుకుతుందే, అది. అది పువ్వు కాదు, అసలు మొక్కే కాదు. లైకెన్. రాళ్ళ మీదే కాదు, చెట్ల బెరడు మీద కూడా పెరుగుతుంది.

పక్షి కాని పక్షి ఒకటి, పువ్వు కాని పువ్వు మరొకటి. ఈ రెంటినీ ఒకచోట చేర్చి మీకు చెప్పవలసిన అవసరం నాకు ఎందుకు కలిగిందో ఈ టపాలో వ్రాస్తాను. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. చాలాకాలంగా దాచుకున్నాను.

మా ఊరు విజయనగరం జిల్లాలో, తూర్పుకనుమల అంచున ఉంది. ఊరి చెరువుగట్టు మీద ఒక పెద్ద మర్రి ఉండేది. దాని నీడ సాయంకాలానికి మా బడి ప్రహరీగోడను తాకేది. ఆ మర్రి నిండా గబ్బిలాలు. ఇంటి చూరుల్లో తిరిగే చిన్నవి కావు, పండ్లు తినే పెద్ద జాతి. శాస్త్రజ్ఞులు టెరోపస్ మీడియస్ అంటారు. రెక్కలు చాచితే నాలుగు అడుగులకు పైగా ఉంటుంది. పగలంతా నల్లని సంచులు కట్టినట్లు వ్రేలాడుతూ, కిచకిచలాడుతూ, ఎండ ముదిరితే రెక్కలతో విసురుకుంటూ ఉండేవి. ప్రొద్దు గ్రుంకగానే ఒక్కొక్కటీ వదిలి, చెరువు మీద పొట్ట తడిసేలా వాలి, ఆ తడిని నాకి దప్పిక తీర్చుకొని కొండలవైపు సాగిపోయేవి. ఆ వేళకు పిల్లలు పుస్తకాలు సర్దుకొని ఇంటికి బయలుదేరేవారు. ముప్పయి ఆరేళ్ళపాటు నా సాయంకాలాలు అలా గడిచాయి.

ఆ ముప్పయి ఆరేళ్ళలో జాషువాగారి 'గబ్బిలం' పద్యాలు ఎన్నిసార్లు తరగతిలో చదివానో లెక్కలేదు. 1941లో వచ్చిన కావ్యమది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపితే, జాషువా కథానాయకుడు గబ్బిలాన్ని కాశీ విశ్వనాథుని వద్దకు పంపాడు. గుడిలోకి తనకు లేని ప్రవేశం ఆ అపశకునపు ప్రాణికి ఉన్నది గనుక. పద్యం చదువుతూ కిటికీలోంచి మర్రివైపు చూపించేవాడిని. పిల్లలు అటు తిరిగి చూసేవారు. కొందరి కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. నా కంఠం కూడా వణికేది. పాఠం బాగా చెబుతానని పేరుండేది.

ఇక తప్పు సంగతి.

2018 మే నెలలో కేరళలోని కోళిక్కోడ్ ప్రాంతంలో నిపా వైరస్ బయటపడింది. పదిహేడుమంది చనిపోయారు. వైరస్ కు మూలం పండ్లు తినే గబ్బిలాలని టీవీల్లో పగలూ రాత్రీ చెప్పారు. అది అబద్ధం కాదు. ఈ జాతి గబ్బిలాల్లో ఆ వైరస్ ఉంటుందన్నది నిజమే. అయితే మా ఊరికీ కోళిక్కోడ్ కూ నడుమ వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరముందన్న మాట ఎవరికీ వినబడలేదు. బడి తెరిచే లోగా మర్రి కొట్టించాలని ఊరంతా ఒక్కటైంది. పెద్దలు మా ఇంటికి వచ్చి, "పంతులుగారూ, అర్జీ మీరు వ్రాస్తేనే పని జరుగుతుందండీ. మీ భాష ముందు ఏ ఆఫీసరు ఆగుతాడు?" అన్నారు.

వ్రాశాను. పదవీ విరమణ చేసి ఏడాదే అయింది. ఎవరైనా వచ్చి వ్రాయమని అడగడం నాకు తీయగా ఉంది. "ప్రజారోగ్యమునకు పెనుముప్పుగా పరిణమించిన" అని మొదలుపెట్టాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పండ్లు తినే గబ్బిలాలను కాకులు, ఎలుకలతోపాటు హానికర ప్రాణుల పట్టికలో చేర్చారని ఎవరో చెబితే, దానినీ పొందికగా ఇరికించాను. రెండు పుటల అర్జీలో అచ్చుతప్పు ఒక్కటి లేదు. దయ కూడా లేదు. ఆ సంగతి అప్పుడు తోచలేదు. వారం తిరగకుండా అనుమతి వచ్చింది. 2014 అక్టోబరులో హుద్ హుద్ తుపాను మా జిల్లాను కుదిపినప్పుడు కూడా ఆ మర్రి నిలిచింది. నా రెండు పుటలకు నిలవలేదు.

జూన్ మొదటివారంలో కొట్టారు. నేను చూడటానికి వెళ్ళాను. ఆ గబ్బిలాలు ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి. మన ప్రాంతాల్లో ఎక్కువగా ఫిబ్రవరి, మే నెలల నడుమ కంటాయి. పుట్టిన కొత్తలో తల్లి పొట్టకు కరచుకొనే ఉంటాయి, తల్లి ఎగిరినా వదలవు. కాస్త పెరిగి బరువెక్కాక తల్లి వాటిని కొమ్మకు తగిలించి మేతకు వెడుతుంది. ఇవన్నీ ఆనాడు నాకు తెలియవు. కొమ్మ విరిగి పడ్డప్పుడు ఆకుల మధ్య నుంచి సన్నని కేక వినిపిస్తే, ఉడుత పిల్ల అనుకున్నాను. దగ్గరకు వెళితే నక్క ముఖం, పెద్ద పెద్ద కళ్ళు. ఆ కళ్ళు నన్నే చూశాయి. గబ్బిలానికి చూపు ఉండదని పిల్లలకు నేను కూడా చెప్పినవాడినే. చిన్న గబ్బిలాలు చీకట్లో శబ్దపు ప్రతిధ్వనితో దారి తెలుసుకుంటాయి గాని, ఈ పెద్ద జాతికి ఆ విద్య లేదు. ఇది కళ్ళతోనూ ముక్కుతోనూ బ్రతుకుతుంది. బొటనవ్రేలి గోరుతో ఒక ఎండుపుల్లను పట్టుకొని ఉంది. రెక్కలో వ్రేళ్ళు కనిపించాయి. అది రెక్క కాదు, చేయి. పొడుగు సాగిన నాలుగు వ్రేళ్ళ నడుమ పరచిన తోలు. అజినపత్ర అంటే ఏమిటో నాకు ఆ క్షణాన తెలిసింది.

మూడు రోజులపాటు సాయంకాలం ఆ గుంపు చెట్టు లేని చోట ఆకాశంలో తిరిగింది. నాలుగవ రోజున రాలేదు.

మొద్దు మాత్రం గట్టు మీదే పడి ఉంది. అక్కడికి వెళ్ళకుండా ఉండలేకపోయేవాడిని. ఒకనాడు బెరడు మీద బూడిదరంగు మచ్చలో ఏవో వ్రాతలు కనిపించాయి. సన్నని నల్లని గీతలు. వంపు తిరిగినవి, చీలినవి, అడ్డంగా పరుగెత్తినవి. గంటంతో గీసిన తాళపత్రం గుర్తుకు వచ్చింది. ఎవరో పిల్లవాడు మేకుతో గీశాడేమోనని వ్రేలితో తడిమాను. గీసినవి కావు, పైకి లేచి ఉన్నాయి. ఆ ముక్కను ఒలిచి, మా బడిలో నాతోపాటు పనిచేసిన జీవశాస్త్రం మాస్టారికి చూపించాను.

"పాచి పట్టిందంటారా మాస్టారూ?"

"పాచి కాదండీ, లైకెన్. గ్రాఫిస్ అనే ప్రజాతి. గ్రీకు భాషలో వ్రాయడం అనే మాట నుంచి వచ్చింది ఆ పేరు. ఇందులో జాతులు చాలా ఉన్నాయి. ఏ జాతో తేల్చాలంటే సూక్ష్మదర్శిని, రసాయనాలు కావాలి. లిపి మీ శాఖ గనుక మీకే కనబడింది" అని నవ్వారాయన.

తరువాత ఆయన చెప్పినది, నేను పుస్తకాల్లో చదివినది కలిపి చెబుతాను. లైకెన్ ఒక ప్రాణి కాదు, కాపురం. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి ఉంటాయి. శిలీంధ్రం ఇల్లు కట్టి తేమను పట్టి ఉంచుతుంది. శైవలం సూర్యరశ్మితో ఆహారం వండుతుంది. ఈ సంగతిని 1867లో ష్వెండెనర్ అనే స్విట్జర్లాండు వృక్షశాస్త్రజ్ఞుడు చెబితే, ఆనాటి లైకెన్ పండితులు చాలామంది ఒప్పుకోలేదు. 2016లో వచ్చిన ఒక పరిశోధన, చాలా లైకెన్ల పైపొరలో మూడవ కాపురస్థుడు, ఒక రకం ఈస్టు కూడా ఉన్నాడని చూపింది. నాకు కనిపించిన నల్లని అక్షరాలు శిలీంధ్రం బీజాలను వెదజల్లే చీలికలు. ఇన్నేళ్ళూ బడిలో పిల్లలు ఆమ్లమా క్షారమా అని ముంచి చూసిన లిట్మస్ కాగితానికి రంగు కూడా లైకెన్ల నుంచే తీసేవారట. నా పక్క తరగతిలోనే జరిగిన పాఠం. నేను వినలేదు.

ఆ రోజు నుంచి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకొని ఆలోచించడం నాకు అలవాటైంది. ఒకే చెట్టు మీద ఉన్నవి. ఇంతకంటె దూరమైన జంట ఉండదు.

మొదట నడక చూడండి. గబ్బిలం ఒక్క రాత్రిలో మేత కోసం పదుల కిలోమీటర్లు పోయి తెల్లవారేసరికి తిరిగి వస్తుంది. బెరడుకు అంటుకొని పెరిగే ఇటువంటి లైకెన్ ఏడాదికి ఒక మిల్లీమీటరు, అటూ ఇటూ. ఆ లెక్కన ఒక్క కిలోమీటరు ప్రాకడానికి పది లక్షల ఏళ్ళు కావాలి. నా వద్ద ఉన్న మచ్చ ఏడు సెంటీమీటర్ల వెడల్పు ఉంది. మధ్య నుంచి అంచుకు మూడున్నర సెంటీమీటర్లు. ఏడాదికి మిల్లీమీటరనుకుంటే ముప్పయి అయిదేళ్ళు. నేను ఆ బడిలో చేరిన కొద్దికాలానికే అది అక్కడ మొదలై ఉంటుంది. నేను పాఠాలు చెప్పినంత కాలమూ గట్టు మీద అది తన వ్రాత తాను వ్రాసుకుంటూ ఉందన్నమాట.

తరువాత, చెట్టుతో బేరం. గబ్బిలం మర్రిపండు తింటుంది. నమిలి రసం మ్రింగి పిప్పి ఉమ్ముతుంది. చిన్న గింజలు కడుపులోంచి బయటపడి ఎక్కడో గోడ పగులులోనో తాటిమట్టలోనో మొలకెత్తుతాయి. రాత్రిపూట పూసే పూలకు పుప్పొడి మోస్తుంది. మా మర్రి కూడా ఏ పూర్వపు గబ్బిలమో వేసిన విత్తు కావచ్చు. లైకెన్ చెట్టునుంచి చోటు తప్ప ఏమీ పుచ్చుకోదు. వాననీరు, మంచు, గాలి, వెలుతురు చాలు. ఎండాకాలంలో ఎండి పొడిగా అయినా, తొలకరికి మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. ఒకటి చెట్లను నాటేది, ఒకటి చెట్టును నమ్మేది. మనమేమో మొదటిదానిని పండ్లు పాడుచేసే పీడ అన్నాం, రెండవదానిని చెట్టుకు పట్టిన తెగులు అని సున్నం పూసి గీకేశాం.

వ్యాకరణం చెప్పినవాడిని గనుక మరొక మాట. అజినపత్ర బహువ్రీహి సమాసం. తోలూ ముఖ్యం కాదు, రెక్కా ముఖ్యం కాదు. రెండూ కలిసి మూడవదానిని చెబుతాయి. గబ్బిలం కూడా అంతే. మృగమంటే ఎగురుతుంది, పక్షి అంటే పాలిస్తుంది. రెంటికీ చెందని అన్యపదార్థం. లైకెన్ ద్వంద్వ సమాసం. శిలీంధ్రమూ ముఖ్యమే, శైవలమూ ముఖ్యమే. ఏ ఒక్కటి తీసినా మాట మిగలదు. మనిషికి ఈ రెండు రకాలూ రుచించవు. మనకు ఏకపదాలు కావాలి. ఇది మంచిది, ఇది చెడ్డది. ఇది శకునం, ఇది అపశకునం. అర్జీ వ్రాసేటప్పుడు నేను చేసినది కూడా అదే. ఒక ప్రాణిని ఒక్క మాటకు కుదించాను.

చెట్టు పోయినప్పుడు ఈ రెంటికీ ఏమైంది? ఎగరగలిగినది ఎగిరిపోయింది, కదలలేనిది చచ్చిపోయింది అనుకున్నాను మొదట. అంత తేలిక కాదు. ఎగిరిపోయిన గుంపు అయిదారు మైళ్ళ అవతల మామిడితోటల్లో చేరి తరిమివేయబడిందని, అక్కడినుంచి చీలిపోయిందని విన్నాను. ఆస్ట్రేలియాలో ఇటువంటి గబ్బిలాల మీద, నిపాకు దగ్గరి చుట్టమైన హెండ్రా వైరస్ మీద ఏళ్ళ తరబడి చేసిన పరిశోధన 2022లో వెలువడింది. అడవులు పోయి, ఆహారం కరువై, జనావాసాల దగ్గరకు చేరినప్పుడే ఆ గబ్బిలాల నుంచి వైరస్ గుర్రాలకు ఎక్కువగా సోకిందని అందులో తేలింది. అంటే, భయంతో చెట్టు కొట్టడం ఆ భయాన్నే పెంచి పోషించడం. నా అర్జీ ఊరికి కాపుదల అనుకున్నాను. కాదు. చట్టం కూడా మాట మార్చుకుంది. 2022 సవరణతో ఆ హానికర ప్రాణుల పట్టికే లేకుండా పోయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. నేను గొప్పగా ఉదహరించిన ఆధారం అలా మాయమైంది.

బెరడు ముక్కను మా వరండాలో పెట్టుకున్నాను. ఏడాదిలో తెల్లబోయి పొడి రాలింది. వెలుతురూ వానా లేని చోట అది ఎలా బ్రతుకుతుంది? నల్లని అక్షరాలు మాత్రం ఇంకా ఉన్నాయి. మొన్న వేసవి సెలవులకు వచ్చిన మనవరాలు దానిని చేతిలోకి తీసుకొని, "తాతా, ఏం రాసుంది ఇందులో?" అని అడిగింది. ఇంత వయసు వచ్చి, ఇన్ని లిపుల గురించి మాట్లాడినవాడిని, ఏమీ చెప్పలేకపోయాను.

అయితే ఒకటి జరిగింది. 2023 సెప్టెంబరులో కోళిక్కోడ్ లో మళ్ళీ నిపా వచ్చింది, ఇద్దరు చనిపోయారు. ప్రక్క ఊరి చింతల్లో గబ్బిలాలున్నాయి. ఆ ఊరివారు మా ఇంటికి వచ్చి, "అప్పుడు మీ ఊరికి వ్రాసినదే మాకూ వ్రాసిపెట్టండి పంతులుగారూ" అన్నారు. పాత అర్జీ నకలు బీరువాలోనే ఉంది. పేరు మారిస్తే సరిపోతుంది. నేను తియ్యలేదు.

బెరడు ముక్క తెచ్చి వారి ముందు పెట్టి, ఇప్పుడు మీకు చెప్పినదంతా వారికి చెప్పాను. జూన్ లో విన్న కేక గురించి కూడా చెప్పాను. ఒక పెద్దాయన, "పిల్లలకేమైనా అయితే మీరు పూచీ పడతారా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. పూచీ పడలేనన్నాను. కానీ పిల్లలను కాపాడే పని చెట్టు కొట్టడం కాదని చెప్పి, ఒక పుట వ్రాసి ఇచ్చాను. కొరికి పడేసిన పండ్లు ఎవరూ తినరాదు. పండ్లు కడిగి తొక్క తీసి తినాలి. ఈతకల్లు కుండలకు మూత కట్టాలి. చచ్చిన గబ్బిలాన్ని చేతితో ముట్టరాదు. చెట్ల క్రింద పశువులను కట్టరాదు, పిల్లలను ఆడనివ్వరాదు. నీళ్ళ తొట్టెకు మూత ఉండాలి. అన్నిటికంటె ముఖ్యం, వాటిని రాళ్ళతో బాణసంచాతో చెదరగొట్టరాదు. ఆ పుటలో అలంకారాలు లేవు. అంత సాదాగా నేను ఎన్నడూ వ్రాయలేదు.

వారు నొచ్చుకునే వెళ్ళారు. బడి తొట్టె మీదికి వంగిన ఒక్క కొమ్మను మాత్రం కొట్టించి, మిగిలిన చింతలను ఉంచారు. ఉంచారంటే ఇప్పటికి ఉంచారు. రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట వినిపిస్తోంది.

నెలకు ఒకసారి అటు వెళ్ళి వస్తూ ఉంటాను. సాయంకాలం గుంపు లేచేదాకా దూరంగా కూర్చుంటాను. అది మా మర్రి మీది గుంపేనా అన్నది తెలుసుకొనే దారి లేదు. వెలుతురు ఉండగానే గట్టు మీది మామిడి మొదలు దగ్గర వంగి బెరడు చూస్తాను. క్రిందటి కార్తికంలో గోరంత బూడిదరంగు మచ్చ ఒకటి కనిపించింది. అందులో రెండే రెండు నల్లని గీతలు. అవి అక్షరాలుగా సాగడం నేను చూడను. అందుకు ముప్పయి ఏళ్ళు పడుతుంది.

మిత్రులారా, మీ ఊళ్ళలో గబ్బిలాల చెట్టు ఇంకా నిలిచి ఉంటే, ఆ చెట్టు ఏదో, ఎక్కడ ఉందో వ్యాఖ్యలో వ్రాయండి. దాని బెరడు కూడా ఒకసారి చూసి రండి.